వైద్యానికి ఆర్ట్స్ కళాశాల దారి: కోవిల్‌పట్టి, విరుదునగర్‌ల చదువు చరిత్ర

వైద్యుడు కాదలచిన విద్యార్థి సాహిత్యాన్నీ చరిత్రనూ తత్త్వశాస్త్రాన్నీ కూడా వదులుకోకుండా ఏ కళాశాలలో చేరాలన్న ప్రశ్న ఇవాళ ఎక్కువగా అమెరికాలో వినబడుతుంది. అక్కడ వైద్య కళాశాలలో చేరడానికి ముందు సాధారణంగా నాలుగేళ్ల డిగ్రీ చదవాలి. ఆ డిగ్రీ ఏ విషయంలోనైనా ఉండవచ్చు గానీ జీవ, రసాయన, భౌతిక శాస్త్రాల్లో నిర్దేశించిన పాఠాలు పూర్తిచేసి ఉండాలి కాబట్టి, ‘ప్రీమెడ్’ అన్న మాట అక్కడ ఒక డిగ్రీకి గాక వైద్యానికి సిద్ధపడే దశకు పేరైంది. తమిళనాడు దక్షిణ భాగంలోని కోవిల్‌పట్టి, విరుదునగర్ పట్టణాల్లో ఈ ప్రశ్నను విద్యార్థులు వేసుకోవలసిన అవసరం చాలాకాలం రాలేదు. కారణం అక్కడివారికి మానవీయ శాస్త్రాల మీద ఆసక్తి లేకపోవడం కాదు. ఆర్ట్స్ కళాశాల గడప తొక్కకుండా వైద్య కళాశాలకు వెళ్లే దారే అప్పట్లో లేకపోవడం. ఆ దారి ఎప్పుడు, ఎవరి నిర్ణయాలతో విడిపోయిందన్నదే ఈ రెండు ఊళ్ల చదువు చరిత్రలో గమనించదగ్గ విషయం.

ఈ ప్రాంతాన్ని తమిళులు ‘కరిసల్’ అంటారు, అంటే నల్లరేగడి. వానాధారపు నేల, పత్తికి పేరుబడ్డ నేల, తరువాతి కాలంలో అగ్గిపెట్టెల పరిశ్రమకూ నూలు మిల్లులకూ నెలవైన నేల. విజయనగర సామ్రాజ్యం మధురను తన అధీనంలోకి తెచ్చుకున్ననాటి నుంచి, ముఖ్యంగా 16వ శతాబ్దంలో మధుర నాయక రాజ్యం ఏర్పడి పాళెగాళ్ల వ్యవస్థ నిలదొక్కుకున్న తరువాత, తెలుగు మాట్లాడే కుటుంబాలు విడతలు విడతలుగా వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. ఎట్టయపురం, పాంచాలంకురిచ్చి పాళెగాళ్లు ఆ వలసల్లోని రాజకంబళ నాయకులే; రేగడి సాగుచేసిన కమ్మవారు, రెడ్లు, రాజపాళయం రాజులు, ఇంట్లో తెలుగే మాట్లాడే అరుంధతీయులు కూడా ఆ చరిత్రలో భాగమే. వీరిలో భూమి ఉన్నవారూ ఉన్నారు, తరతరాలుగా భూమి ఎరగనివారూ ఉన్నారు గనుక ‘తమిళనాట తెలుగువారు’ అని ఒకే గాటన కట్టి వారి చదువుల గురించి మాట్లాడడం సరికాదు.

పిల్లలు ఏ కళాశాలకు వెళ్లాలో ఈ ప్రాంతంలో మొదట నిర్ణయించింది రైలు మార్గం. 1876 నాటికి మధుర నుంచి తూత్తుకుడి దాకా రైలు నడవసాగింది. విరుదుపట్టి (విరుదునగర్‌కు 1923 వరకు ఉన్న పేరు), సాత్తూరు, కోవిల్‌పట్టి ఆ దారిలోని స్టేషన్లు. ఉత్తరానికి వెళితే మధుర, దక్షిణానికి వెళ్లి మణియాచ్చి వద్ద మారితే తిరునెల్వేలి, దాని పక్కనే పాళయంకోట. మధురలో అమెరికన్ మిషన్ వారి కళాశాల 1881లో మొదలైంది. పాళయంకోటలో ఇంగ్లండు చర్చి మిషన్ వారి సెయింట్ జాన్స్ కళాశాల 1878 నాటిది, జెసూట్ల సెయింట్ జేవియర్స్ 1923 నాటిది. ఈ రెండు కొసల మధ్య, 1947 వరకు, కోవిల్‌పట్టిలో గానీ విరుదునగర్‌లో గానీ ఒక్క కళాశాల కూడా లేదు.

పాఠశాలల సంగతి వేరు. విరుదునగర్ నాడార్ వర్తకులు తమ వ్యాపారం మీద తామే విధించుకున్న ‘మహిమై’ అనే చందాతో, అంటే సంతకు వచ్చిన సరుకు మీద బస్తాకు ఇంత చొప్పున సంఘం నిధికి చెల్లించే పద్ధతితో, పాఠశాలలు కట్టుకున్నారు. 1889లో వెలసిన క్షత్రియ విద్యాశాలకు ఇంకో ఆదాయం కూడా ఉండేది: ప్రతి ఇంటా వంటకు బియ్యం తీసేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు పక్కకు తీసి కుండలో వేసేది, సంఘం మనుషులు వచ్చి వాటిని పోగుచేసి అమ్మి, వచ్చిన సొమ్ము బడికి కట్టేవారు. తరువాత మద్రాసు ముఖ్యమంత్రి అయిన కామరాజ్ చిన్నతనంలో చదివింది ఈ బడిలోనే. రాజ్యం ఇవ్వని చదువును ఊరే పిడికిళ్లతో కొలిచి ఇచ్చుకున్న ఈ ఏర్పాటు తెలుగు కుటుంబాలకూ ఆదర్శమైంది. కాకపోతే పల్లెల్లో చెదిరి ఉన్న వ్యవసాయ కులాలకు వర్తకుల మాదిరి ఒకేచోట నిధి కూడగట్టుకునే వీలు చాలాకాలం చిక్కలేదు.

బడి ముగించిన విద్యార్థికి 20వ శతాబ్దపు తొలి దశాబ్దం దాకా ఎదురయ్యే పరీక్ష ఎఫ్.ఏ., అంటే ‘ఫస్ట్ ఇన్ ఆర్ట్స్’. ఎఫ్.ఏ. వరకే బోధించగల వాటిని సెకండ్ గ్రేడ్ కళాశాలలనీ, బి.ఏ. దాకా బోధించే వాటిని ఫస్ట్ గ్రేడ్ కళాశాలలనీ అనేవారు. పేరుకు ఆర్ట్స్ అయినా మద్రాసు విశ్వవిద్యాలయపు ఎఫ్.ఏ.లో ఇంగ్లీషు, ఒక రెండో భాష, గణితం, గ్రీసు రోముల చరిత్రతో పాటు శరీరధర్మశాస్త్రం, అంటే దేహం పనిచేసే తీరును వివరించే శాస్త్రం, కూడా ఉండేది. గణితంలో అసమానుడైన శ్రీనివాస రామానుజన్ పచ్చయ్యప్ప కళాశాలలో చేరి కూడా ఎఫ్.ఏ. గట్టెక్కలేకపోయాడంటే అందుకు పెద్ద కారణం ఈ శరీరధర్మశాస్త్రమే. లెక్కలు తప్ప మరేదీ పట్టని యువకుణ్ణి జీర్ణకోశం గురించి రాయమన్న ఆ పరీక్షను తరువాతివారు తిట్టని తిట్టు లేదు. అదే పరీక్ష వైద్యం వైపు వెళ్లే యువకుడి చేత రోము చరిత్ర చదివించిందన్నది మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. 1910 ప్రాంతంలో ఎఫ్.ఏ. పోయి దాని స్థానంలో రెండేళ్ల ఇంటర్మీడియెట్ వచ్చినప్పుడు విషయాలు గ్రూపులుగా విడిపోయాయి. అయినా వైద్యానికి దారితీసే గ్రూపు విద్యార్థి కూడా ఆర్ట్స్ కళాశాలలోనే, అదే ఇంగ్లీషు అధ్యాపకుడి ఎదుట, అదే తమిళ పండితుడి ఎదుట కూర్చునేవాడు.

ఆడపిల్లలకు ఈ దారి మరింత ఇరుకు. పాళయంకోటలో సారా టక్కర్ కళాశాల 19వ శతాబ్దం చివరలోనే వెలసినా, మధురలో మహిళల కోసం లేడీ డోక్ కళాశాల 1948లో గానీ రాలేదు. దక్షిణ తమిళ ప్రాంతంలో ఆర్ట్స్ కళాశాల మీదుగా వైద్యానికి వెళ్లిన స్త్రీలలో బాగా తెలిసిన పేరు ముత్తులక్ష్మి రెడ్డిది. ఆమె పుదుక్కోట మహారాజా కళాశాలలో, మగపిల్లల మధ్య, సంస్థానాధీశుడి అనుమతితో చదువుకుని మద్రాసు వైద్య కళాశాలకు వెళ్లి 1912లో పట్టం పొందారు. 1927లో మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టి దేవదాసీ వ్యవస్థ రద్దు కోసం పోరాడారు. చట్టసభలో వాదించే నేర్పు శవచ్ఛేదన గదిలో అబ్బేది కాదు. దాని వెనుక ఉన్నది ఆ మిశ్రమ చదువే అనుకోవడానికి అవకాశం ఉంది.

ఇంటర్మీడియెట్ తరువాత ఎక్కడికి అన్న ప్రశ్నకు సమాధానం చాలాకాలం మద్రాసే. 1835లో మొదలైన మద్రాసు వైద్య కళాశాల, 1938లో పూర్తిస్థాయి కళాశాలగా మారిన స్టాన్లీ, ఐడా స్కడర్ 1918లో మహిళల కోసం ప్రారంభించి 1947లో పురుషులకూ తలుపులు తెరిచిన వెల్లూరు క్రైస్తవ వైద్య సంస్థ, వీటితో పాటు ఒకే మద్రాసు రాష్ట్రంలో ఉన్న విశాఖపట్నం (1923), గుంటూరు (1946) కళాశాలలు మాత్రమే ఉండేవి. వీటిలో సీట్లు తక్కువ, అభ్యర్థులు ఎక్కువ. మద్రాసు ప్రభుత్వపు కమ్యూనల్ జీ.వో. ప్రకారం ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లకూ భారతీయ క్రైస్తవులకూ కలిపి 1, ముస్లింలకు 1 కేటాయించేవారు. వైద్య కళాశాల ప్రవేశం విషయంలో చంపకం దొరైరాజన్ దీన్ని సవాలు చేయగా 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. దానికి జవాబుగా ఆ ఏడాదే రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చింది. ఈ వ్యాజ్యంలో ఓడిన మద్రాసు ప్రభుత్వానికి అప్పుడు ముఖ్యమంత్రి పి.ఎస్. కుమారస్వామి రాజా. ఆయనది ఇప్పటి విరుదునగర్ జిల్లాలోని రాజపాళయం, తెలుగు రాజుల కుటుంబం. భారత రిజర్వేషన్ల చరిత్రను మలుపు తిప్పిన ఈ వివాదం వైద్య సీట్ల మీద మొదలైందన్నది ఇక్కడి కుటుంబాల ఆకాంక్షలు ఎటు మళ్లాయో చెబుతుంది.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే విరుదునగర్‌లో హిందూ నాడార్ల సెంధికుమార నాడార్ కళాశాల, 1962లో మహిళల కోసం వి.వి. వన్నియపెరుమాళ్ కళాశాల, 1966లో కోవిల్‌పట్టిలో జి. వెంకటస్వామి నాయుడు కళాశాల, 1973లో రాజపాళయం రాజుల కళాశాల ఏర్పడ్డాయి. ఈ పేర్లను వరుసగా చదివితేనే ఈ ప్రాంతపు ఉన్నత విద్యను ఎవరు, ఏ బలంతో నిలబెట్టారో అర్థమవుతుంది; సంఘానిదో, ఇంటిపెద్దదో పేరు తలమీద పెట్టుకోని కళాశాల అప్పట్లో ఇక్కడ అరుదు. మరోవైపు ప్రభుత్వం 1954లో మధురలో, 1965లో తిరునెల్వేలిలో వైద్య కళాశాలలు తెరిచింది. కోవిల్‌పట్టి విద్యార్థికి వైద్య కళాశాల మద్రాసు నుంచి ఒక్కసారిగా రైల్లో గంటన్నర, రెండు గంటల దూరానికి వచ్చింది.

ఇదే ఆర్ట్స్ కళాశాల దారికి ఉచ్చదశ. 1956లో ఇంటర్మీడియెట్ తీసివేసి మద్రాసు విశ్వవిద్యాలయం ప్రవేశపెట్టిన పీయూసీ, అంటే డిగ్రీకి ముందు కళాశాలలో చదివే ఏడాది కోర్సు, కోవిల్‌పట్టి, విరుదునగర్ కళాశాలలకు ప్రాణాధారమైంది. ఊరి కళాశాలలో పీయూసీ చదివే వైద్యాభిలాషి పాఠాలన్నీ ఒకే ఆవరణలో నడిచేవి. జంతుశాస్త్ర ప్రయోగశాలలో బొద్దింకను కోసిన చేతులతోనే అతను పక్క గదిలోని తమిళ వ్యాకరణ తరగతికి వెళ్లేవాడు. సీటు రాకపోతే అక్కడే బి.ఎస్సీ.లోనో, సాహిత్యం మీద మనసుంటే బి.ఏ.లోనో కొనసాగేవాడు. వైద్యం తప్పిపోయినా దారి మూసుకుపోయేది కాదు. ఆర్ట్స్ కళాశాల చేసిన నిజమైన మేలు ఇదే: విద్యార్థి మనసు మార్చుకోవడానికి అది ఒక ఏడాది గడువు ఇచ్చింది.

సీట్ల పంపిణీలో మాత్రం అప్పటి పద్ధతులు అంత ముచ్చటైనవి కావు. జనాభాను బట్టి జిల్లాలవారీగా వైద్య సీట్లు పంచే మద్రాసు నియమాన్ని సుప్రీంకోర్టు 1968లో రాజేంద్రన్ కేసులో చెల్లదన్నది. ఆపై కళాశాలలను విడివిడి యూనిట్లుగా చేసి ఎంపిక జరపడం, 75 మార్కులు ఇంటర్వ్యూకు కేటాయించడం 1970 నాటి పెరియకరుప్పన్ కేసులో విమర్శకు గురయ్యాయి. ఆ 75 మార్కులు ఆటలు, ఎన్.సి.సి., సమాజసేవ, దేహదారుఢ్యం, సాధారణ సామర్థ్యం, వృత్తి పట్ల మొగ్గు వంటి వాటికి ఇచ్చేవారు. పుస్తకాలు చదివే కుర్రవాడి ఆసక్తులకు ఎంపికలో స్థానం ఉండగల ఏకైక చోటు అదే. సిఫార్సు ఉత్తరానికి స్థానం ఉండగల చోటూ అదే. రెండోది మొదటిదాన్ని మింగేసింది కాబట్టి, ఇంటర్వ్యూ పోయినందుకు బాధపడినవారు తక్కువ.

అసలైన చీలిక 1978లో వచ్చింది. ఆ ఏడాది తమిళనాడు పీయూసీని రద్దుచేసి, 11, 12 తరగతుల హయ్యర్ సెకండరీ (‘ప్లస్ టూ’) విధానాన్ని పాఠశాలల్లో ప్రవేశపెట్టింది. దీనితో వైద్యానికి వెళ్లేవాడు ఇక ఆర్ట్స్ కళాశాలకు రావలసిన పని లేకపోయింది. పదహారో ఏట, బడిలోనే, జీవశాస్త్రం ఉన్న గ్రూపో చరిత్ర, అర్థశాస్త్రం ఉన్న గ్రూపో తేల్చుకోవాలి. రెండింటినీ కలిపి తీసుకునే గ్రూపు లేదు. భాషలు పోలేదు, తమిళం 200, ఇంగ్లీషు 200 మార్కులకు, మొత్తం 1,200లో మూడో వంతుగా మిగిలాయి. అయితే వైద్య ప్రవేశానికి లెక్కగట్టే ‘కటాఫ్’లో జీవశాస్త్రపు 200ను 100కు, భౌతిక, రసాయన శాస్త్రాల్లో ఒక్కొక్క 200ను 50కి కుదించి కలిపేవారు, ఆ మూడింటి మొత్తం 200. భాషల 400 మార్కులు ఆ లెక్కలో సున్నా. ఎంత బాగా చదివినా దేనికీ పనికిరాని విషయానికి పదిహేడేళ్ల పిల్లవాడు ఎన్ని గంటలు కేటాయిస్తాడో ఊహించడానికి పరిశోధన అక్కరలేదు. 1984లో వచ్చిన రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈ 200కు మరో 100 చేర్చింది. 2006 నాటి చట్టంతో ఆ పరీక్ష రద్దయి 2007 నుంచి మళ్లీ కటాఫ్ ఒక్కటే మిగిలింది. 2017 నుంచి జాతీయ ప్రవేశ పరీక్ష నీట్ వచ్చి ప్లస్ టూ మార్కుల విలువను కూడా తుడిచేసింది. నీట్‌లో 720 మార్కులు, సగం జీవశాస్త్రానివి, తక్కిన సగం భౌతిక, రసాయన శాస్త్రాలవి. ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులు వెనుకబడుతున్నారని గుర్తించి తమిళనాడు 2020లో వారికి 7.5 శాతం అంతర్గత రిజర్వేషన్ తెచ్చింది.

ఈ లెక్కల్లో తెలుగు ఇళ్ల విద్యార్థులు అందరూ ఒకే వరుసలో నిలబడరు. రాజకంబళ నాయకులు ఉన్న తొట్టియ నాయకర్ వర్గం అత్యంత వెనుకబడిన తరగతుల జాబితాలో ఉంది, 1989లో ఆ తరగతులకు 20 శాతం విడిగా ఏర్పాటైంది. అరుంధతీయులకు 2009 చట్టం షెడ్యూల్డ్ కులాల 18 శాతంలోనే 3 శాతం ప్రత్యేకించింది. ఒకే భాష మాట్లాడే పక్కపక్క వీధుల పిల్లలు కౌన్సెలింగ్ రోజున వేర్వేరు జాబితాల్లో కనిపిస్తారు.

మరి ఈ ఇళ్ల తెలుగు ఏ బడిలో చదువైంది? ఈ ప్రాంతంలో అది ప్రధానంగా నోటి భాష. ఉత్తరాలు, దస్తావేజులు తమిళంలో నడిచాయి, పెళ్లిమాటలు, పొలం మాటలు తెలుగులో నడిచాయి. తమిళనాడు తమిళ అభ్యసన చట్టం 2006లో ఒకటో తరగతి నుంచి తమిళాన్ని తప్పనిసరి చేసినప్పుడు ఉత్తర జిల్లాల్లో తెలుగు మాధ్యమ పాఠశాలలు ఇబ్బందిపడ్డాయి గానీ, కోవిల్‌పట్టి వైపు పోగొట్టుకోవడానికి పెద్దగా ఏమీ మిగిలి లేదు. నీట్ ప్రశ్నపత్రం తెలుగులో కూడా ఉంటుంది, అయితే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాల్లోనే. కోవిల్‌పట్టి విద్యార్థి దాన్ని ఎంచుకోలేడు. చేతికి ఇచ్చినా ఆ లిపి చదవగలిగేవారు కొద్దిమందే.

ఈ నోటి భాషకూ రేగడి జీవితానికీ గ్రంథస్థ రూపం ఇచ్చినవాడు ఏ కళాశాలలోనూ చదవలేదు. కోవిల్‌పట్టి పక్కన ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ పూర్తి పేరు ‘రాయంగల’ అన్న మాటతో మొదలవుతుంది. ఉన్నత పాఠశాల కూడా పూర్తిచేయని ఈ రైతు తమిళంలో రాసిన ‘గోపల్ల గ్రామం’ తెలుగువారి వలస జ్ఞాపకాలను నవలగా మలిచింది; దాని కొనసాగింపు ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. కరిసల్ మాండలికానికి ఆయన నిఘంటువు కూర్చారు. 1989లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఆయన్ను ప్రత్యేక ఆచార్యుడిగా పిలిచింది. మానవీయ శాస్త్రాల పట్ల ఆసక్తి గల ఈ ప్రాంతపు వైద్య విద్యార్థి చదవదగ్గ పుస్తకాల్లో ఆయన రచనలు మొదటివి, ఎందుకంటే రోగి తన నొప్పిని ఏ మాటలతో చెప్పుకుంటాడో వాటిలో ఉంది. అవి ఏ నీట్ శిక్షణ కేంద్రపు సిలబస్‌లోనూ కనబడవు.

సాహిత్యమూ వైద్యమూ విడిపోని చోటు ఒకటి మాత్రం దగ్గరలోనే మిగిలింది. 1964లో పాళయంకోటలో ప్రారంభమైన ప్రభుత్వ సిద్ధ వైద్య కళాశాల అది. సిద్ధ వైద్యం అంటే తమిళ సిద్ధుల పేర చలామణీ అయ్యే మూలికా, లోహ, రస చికిత్సల సంప్రదాయం. దాని మూలగ్రంథాలు చాలావరకు పద్యాలు. కాబట్టి ఆ కోర్సులో చేరేవారు పదో తరగతిలోనో ప్లస్ టూలోనో తమిళం చదివి ఉండాలి, లేకపోతే చేరాక నేర్చుకోవాలి. సిద్ధ వైద్య చరిత్ర కూడా పాఠ్యవిషయమే. ఒక పద్యంలోని మూలిక పేరు మారుపేరుతో చెప్పబడిందా లేదా అన్నది తేలకుండా మందు తయారు కాదు కనుక ఛందస్సు, నిఘంటువు, వృక్షశాస్త్రం ఇక్కడ ఒకే బల్ల మీద పరుచుకుంటాయి. ఈ కోర్సు ఎంబీబీఎస్ రానివారి రెండో ఎంపికగానే చాలా ఇళ్లలో లెక్కకు వస్తుంది. అది ఆ చదువు లోపం కాదు, సీట్ల లెక్క తెచ్చిన చిన్నచూపు.

ఆధునిక వైద్య విద్య కూడా తాను వదిలేసినదాన్ని కొంత వెనక్కి పిలుస్తోంది. 2019లో భారత వైద్య మండలి ప్రవేశపెట్టిన కొత్త ఎంబీబీఎస్ పాఠ్యక్రమంలో వైఖరి, నీతి, సంభాషణ అన్న అంశాలు మొదటి ఏడాది నుంచి చివరి దాకా సాగే బోధనగా చేరాయి; తొలి వారాల్లో స్థానిక భాషా నైపుణ్యం కూడా నేర్పాలని అది చెప్పింది. 2022 జనవరి 12న ప్రారంభమైన 11 కొత్త తమిళనాడు ప్రభుత్వ వైద్య కళాశాలల్లో ఒకటి విరుదునగర్‌లో, 150 సీట్లతో వచ్చింది. ఒకప్పుడు మహిమై చందాతో బడి కట్టుకున్న ఊళ్లోనే ఇప్పుడు ఎంబీబీఎస్ చదవవచ్చు. అయితే వైద్య కళాశాల, 1947 నాటి ఆర్ట్స్ కళాశాల ఒకే పట్టణంలో ఉన్నా, మొదటిది చెన్నైలోని ఎం.జి.ఆర్. వైద్య విశ్వవిద్యాలయం కిందికి, రెండోది మధుర కామరాజ్ విశ్వవిద్యాలయం కిందికి వస్తాయి. ఒకదాని విద్యార్థి రెండోదానిలో తమిళ సాహిత్యమో చరిత్రో ఒక పాఠంగా తీసుకుని మార్కులు జమచేసుకునే ఏర్పాటు ఎంబీబీఎస్ నిర్మాణంలో లేదు.